రాతి తీరంలో సముద్రపక్షులు: ఎంత మెల్లగా వెళ్ళినా ఎగిరిపోతున్నాయి, ఏం చేయాలి?

#1 · అలల అంచు · శుక్రవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఈ వేదికలో మీరు రాసేవి చాలాకాలంగా చదువుతున్నాను. నేను రాయడం ఇదే మొదటిసారి.

వరసగా మూడు రోజులు తెల్లవారకముందే లేచి రాళ్ళ తీరానికి వెళ్ళాను. చేతిలో 100-400 లెన్సు. మూడు రోజుల్లో 1,400 ఫొటోలు తీస్తే పట్టుమని పది కూడా మిగల్లేదు. అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళినా ఇంకా నలభై అడుగుల దూరం ఉందనగానే పక్షులు లేచిపోతున్నాయి. వాటి వెనకే అవతలి రాళ్ళ దాకా పోతే అక్కడా అంతే. వచ్చిన ఫొటోల్లో తెల్ల సీగల్స్ ఒంటి మీద ఈక గీత ఒక్కటి కనిపించకుండా సున్నం కొట్టినట్టున్నాయి. నీటికాకులేమో బొగ్గు ముద్దల్లా వచ్చాయి.

నాకు పక్షుల పేర్లు కూడా పెద్దగా తెలియవు. కానీ మొదటి రోజు ఒక చిన్న గుంపు కనిపించింది. గోధుమ రంగు వీపు, నారింజ రంగు పొట్టి కాళ్ళు. అల వెనక్కి పోగానే పరుగున దిగి రాళ్ళ సందుల్లో ముక్కు పెట్టడం, మళ్ళీ అల వచ్చేలోపు పైకెక్కేయడం. గంటసేపు కెమెరా పక్కన పెట్టి వాటినే చూస్తూ ఉండిపోయాను. అప్పటినుంచి మనసంతా అక్కడే ఉంది. అవి వేరే పక్షి పిల్లలా? సరిగ్గా నేర్చుకోవాలని ఉంది, దయచేసి చెప్పండి.

#2 · రాతిపిట్ట · శుక్రవారం, రాత్రి 10:02

అలల అంచు గారూ, స్వాగతం. ముందు సున్నం సంగతి చూద్దాం, అది తేలిగ్గా సర్దుకునేదే.

కెమెరా తన ఎదురుగా ఉన్నదంతా కలిపి ఒక మధ్యరకం బూడిద రంగుగా చూపించాలని చూస్తుంది. తడిసిన నల్లరాయి ముందు తెల్ల పక్షి నిలబడితే ఫ్రేములో ముప్పాతిక భాగం రాయే. "చీకటిగా ఉంది" అనుకుని కెమెరా వెలుగు పెంచేస్తుంది, పక్షి మాడిపోతుంది. అలాంటప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, అంటే కెమెరా ఎంచుకున్న వెలుగును మనం పెంచే, తగ్గించే సెట్టింగును, మైనస్ 1 దాకా దించండి. నీటికాకి తెల్లటి నురుగు ముందో, మబ్బు పట్టిన ఆకాశం ముందో ఉంటే దీనికి పూర్తిగా తిరగేసి ప్లస్ 1, ఒక్కోసారి అంతకన్నా కాస్త ఎక్కువ. హైలైట్ వార్నింగ్ ఆన్ చేసి పెట్టుకోండి. తెరమీద పక్షి ఛాతీ మిణుకుమిణుకుమంటే ఆ ఈకలు పోయినట్టే, తర్వాత కంప్యూటర్‌లో ఎంత లాగినా రావు. నీడలో ఉన్న భాగం మాత్రం రా ఫైల్ (కెమెరా ఏమీ మార్చకుండా దాచిన ఫొటో) అయితే చాలావరకు తిరిగి తెచ్చుకోవచ్చు.

వెలుతురు మారకుండా ఉన్న రోజు నేను అసలు మాన్యువల్‌లోనే తీస్తాను. పక్షి రాయి ముందు నుంచి నురుగు ముందుకి, అక్కడినుంచి ఆకాశంలోకి వెళ్ళినా దాని మీద పడే వెలుగు మారదు కదా! దాని ఒంటికి సరిపడా ఒకసారి కుదుర్చుకుంటే చాలు.

#3 · ఉప్పుగాలి · శనివారం, ఉదయం 5:20

నాకు కెమెరా లేదు. బైనాక్యులర్స్, నోట్‌బుక్, అంతే. ఇరవై ఏళ్ళుగా రాతి తీరాల్లో కూర్చుంటున్నాను. మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. ఆ మూడు రోజులూ మీరు వెళ్ళేసరికి పోటు మీద ఉందా, ఆటు మీద ఉందా?

#4 · అలల అంచు · శనివారం, ఉదయం 7:45

నిజం చెప్పాలంటే చూసుకోలేదండీ. సూర్యోదయం వెలుగు బాగుంటుందని రోజూ ఆరింటికి వెళ్ళాను. మొదటి రోజు రాళ్ళు చాలా బయటపడి ఉన్నాయి. మూడో రోజు నీళ్ళు బాగా పైకి ఉన్నాయి, పక్షులన్నీ ఒకే రాయి మీద గుంపుగా నిలబడి ఉన్నాయి.

#5 · ఉప్పుగాలి · శనివారం, ఉదయం 8:30

మీ మొదటి రోజు ఎందుకు బాగుందో, మూడో రోజు ఎందుకు పాడైందో మీరే చెప్పేశారు.

రాతి తీరంలో పక్షికి గడియారం సూర్యుడు కాదు, నీరు. రాళ్ళకు అంటుకున్న గుల్లలు, ఆలిచిప్పలు, నత్తలు, చిన్న పీతలు, అన్నీ నీరు దిగినప్పుడే అందుతాయి. కాబట్టి ఆటు మొదలయ్యే ముందే వెళ్ళి కూర్చోవాలి. నీరు దిగేకొద్దీ ఒక్కొక్క రాయి బయటపడుతుంది, పక్షులు ఆ తడి అంచు వెంటే కిందికి దిగుతాయి. మళ్ళీ నీరు ఎక్కేటప్పుడు అదే అంచు వాటిని పైకి, అంటే మీవైపు తోసుకొస్తుంది. ఫొటోలు తీసేవారికి ఈ రెండోదే మంచి సమయమని నా స్నేహితులు చెబుతారు. మీరు వాటి దగ్గరికి వెళ్ళనక్కర్లేదు, సముద్రమే వాటిని మీ దగ్గరికి తెస్తుంది.

నిండు పోటులో ఒకే రాయి మీద గుంపుగా నిలబడ్డాయన్నారే, అది వాటి విశ్రాంతి సమయం. తినే చోటంతా మునిగిపోయింది. ఒంటికాలి మీద నిలబడి, ముక్కు వీపు ఈకల్లో దూర్చి, నీరు దిగేదాకా ఓపిక పడతాయి. అప్పుడు లేపితే వెళ్ళడానికి వేరే రాయి కూడా ఉండకపోవచ్చు. ఆ గుంపు జోలికి మాత్రం వెళ్ళకండి.

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఈరోజు ఆరింటికి వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పున్నమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు నీరు ఎక్కువగా ఎక్కుతుంది, ఎక్కువగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తక్కువ. ఈ లెక్క పట్టుబడితే పోటు సమయం, సూర్యోదయపు వెలుగు రెండూ కలిసే రోజులు ముందే తెలుస్తాయి. నెలలో అలాంటివి కొన్నే ఉంటాయి, వాటిని వదులుకోకండి.

#6 · నీటికాకి · శనివారం, ఉదయం 10:10

అవి వేరే పక్షి పిల్లలు కావండీ. మీ వర్ణన బట్టి రడ్డీ టర్న్‌స్టోన్. నారింజ కాళ్ళు, పొట్టి మెడ, కొంచెం పైకి తిరిగినట్టుండే చిన్న ముక్కు ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు. మీరు చూసింది చలికాలపు రూపం. గూడు పెట్టే కాలానికి వీపు ఇటుక రంగులోకి తిరుగుతుంది, ముఖం మీద నలుపు తెలుపు చారలు వస్తాయి. ఒకే పక్షి అంటే నమ్మబుద్ధి కాదు. ఆర్కిటిక్ మంచునేలల్లో గూడు పెట్టి, చలికాలానికి ప్రపంచంలోని దాదాపు అన్ని ఖండాల తీరాలకూ దిగివస్తుంది. పేరుకు తగ్గట్టే రాళ్ళను ముక్కుతో తిరగేస్తుంది. నాచు పరుచుకున్న చోట నాలుగైదు కలిసి దాన్ని చాపలా చుట్టేస్తూ ముందుకు పోవడం నేను కళ్ళారా చూశాను.

ఇంక దగ్గరికి వెళ్ళడం గురించి. పక్షి ఎగిరే ముందు చాలాసార్లు మనకు చెబుతుంది, మనమే వినం. తింటున్నది ఆగి తలెత్తుతుంది. అది మొదటి మాట. తర్వాత మెడ నిక్కించి ఒక కన్ను మీవైపు తిప్పుతుంది. తర్వాత నాలుగడుగులు అవతలికి నడుస్తుంది, లేదా చిన్నగా కూత పెడుతుంది. ఆ తర్వాతే రెక్క. మొదటి మాట దగ్గరే మీరు ఆగిపోతే, వీలైతే రెండడుగులు వెనక్కి వేసి కూర్చుంటే, చాలాసార్లు తల దించి మళ్ళీ తినడం మొదలుపెడుతుంది.

నేరుగా దాని వైపు నడవకండి. ఆకాశం వెనకాల ఉండేలా రాయి మీద నిలబడకండి, అది మనల్ని రెండింతలు చేసి చూపిస్తుంది. ఎక్కడో ఒకచోట మోకాళ్ళ ఎత్తులో కూర్చుని అరగంట కదలకుండా ఉంటే మీరూ ఒక రాయి అయిపోతారు. టర్న్‌స్టోన్లు అసలే మిగతా తీరపక్షుల కన్నా మనుషులను ఎక్కువ సహిస్తాయి. వాటితో మొదలుపెట్టండి.

#7 · చిన్న లెన్సు · శనివారం, మధ్యాహ్నం 1:30

నా పేరులోనే ఉంది, నా దగ్గర 70-300 మాత్రమే. మొదట్లో ప్రతి పక్షీ ఫ్రేము నిండా రావాలని తపన పడేవాణ్ణి. రాళ్ళ తీరంలో ఆ పట్టుదల వదిలేశాక నా ఫొటోలు బాగుపడ్డాయి.

పెద్ద రాయి, దాని మీద పడి చిట్లుతున్న అల, మూలగా రెక్కలు చాచి నిలబడ్డ ఒక నీటికాకి. అది ఎంత చిన్న ప్రాణమో, ఎంత పెద్ద సముద్రం ముందు నిలబడిందో చూసేవాళ్ళకు అప్పుడే తెలుస్తుంది. పక్షి తక్కువైనా రాయి ఆకారం, అల వచ్చే లయ పట్టుకోండి. ఏడెనిమిది అలలు చూస్తే ఏ రాయి మీద నురుగు ఎటు లేస్తుందో తెలిసిపోతుంది.

మధ్యాహ్నం పూట మాత్రం దూరపు పక్షి జోలికి పోకండి. ఎండకు కాలిన రాళ్ళ మీద గాలి సెగలా ఊగుతుంది. ఎంత పెద్ద లెన్సు పెట్టినా అంచులన్నీ కరిగినట్టే వస్తాయి. ఫోకస్ తప్పిందేమోనని లెన్సును అనుమానిస్తూ నేను ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నాను.

#8 · నల్లరాయి · శనివారం, సాయంత్రం 6:05

అందరూ పక్షి గురించి చెప్పారు, నేను మీ ప్రాణం గురించి చెబుతాను.

నాలుగేళ్ళ క్రితం నేను ఆటు సమయంలో ఒక గుట్టలాంటి రాయి ఎక్కాను. వెనకాల మోకాలి లోతు కూడా లేని చిన్న కాలవ. ఎదురుగా ఆయిస్టర్‌క్యాచర్ జంట, పొడవాటి ఎర్రటి ముక్కుతో ఆలిచిప్పలు విప్పుతోంది. వ్యూఫైండర్ నుంచి కన్ను తీయకుండా ఎంతసేపు ఉన్నానో తెలియదు. లేచి చూసేసరికి ఆ కాలవ నడుము లోతు ఉంది, నీరు సుడి తిరుగుతోంది. కెమెరా తలమీద పెట్టుకుని దాటుతుంటే పాచి మీద కాలు జారింది. రాయికి అంటుకున్న గుల్లలు అరచేతినీ మోకాలినీ బ్లేడులా కోసేశాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు చెయ్యి అందించబట్టి బయటపడ్డాను. ఆ రోజు టెన్షన్ ఇప్పటికీ కలలోకి వస్తుంది.

అప్పటినుంచి దిగే ముందు పావుగంట నిలబడి అలలు చూస్తాను. అలలు గుంపులుగా వస్తాయి, పది చిన్నవి చూసి ఇంతే అనుకుంటే తర్వాత వచ్చే మూడు పెద్దవి మీ రాయి మీదికే ఎక్కుతాయి. రాయి పైభాగం తడిగా ఉందంటే అక్కడికి అల వస్తోందనే అర్థం. నల్లగా, పచ్చగా మెరిసే చోట అడుగు పెట్టను, గరుకుగా పొడిగా ఉన్నచోటే పెడతాను. సముద్రానికి వీపు చూపించను. నీరు ఎక్కడం మొదలయ్యే సమయానికి ఫోన్‌లో అలారం పెట్టుకుంటాను. ఎక్కడికి వెళ్తున్నానో, ఎన్నింటికి తిరిగి వస్తానో ఇంట్లో చెప్పకుండా వెళ్ళను.

#9 · దూరపు తీరం · శనివారం, రాత్రి 8:40

ఇన్ని కష్టాలెందుకు? నేను ఏడాదిగా డ్రోన్ వాడుతున్నాను. రాళ్ళు ఎక్కాల్సిన పని లేదు, జారిపడే భయం లేదు. కొండచరియ మీద గూళ్ళు పెట్టిన పక్షులను పైనుంచి తీశాను, ఒక్కటి కూడా ఎగరలేదు. పరిశోధకులు కూడా డ్రోన్‌తోనే లెక్కలు వేస్తున్నారు కదా!

#10 · నీటికాకి · శనివారం, రాత్రి 9:25

అన్నా, మీరు మంచి ఉద్దేశంతోనే చెప్పారని తెలుసు. కానీ ఈ విషయంలో నేను మెత్తగా చెప్పలేను.

పరిశోధకులు వాడతారు, నిజమే. అనుమతి తీసుకుని, ఎంత ఎత్తులో ఎగిరితే ఏ జాతి ఎలా స్పందిస్తుందో ముందే పరీక్షించి, ఎవరో ఒకరు కింద నుంచి పక్షులను గమనిస్తూ ఉండగా ఎగరేస్తారు. ఏ కొంచెం అలజడి కనిపించినా దించేస్తారు. మన సరదాకు, దీనికి పోలిక లేదు.

2021 మే నెలలో కాలిఫోర్నియాలోని బోల్సా చికా రక్షిత ప్రాంతంలో టెర్న్‌లు అనే సముద్రపక్షులు గుడ్లు పెట్టిన చోట ఒక డ్రోన్ కూలిపోయింది. సుమారు 3,000 ఎలిగెంట్ టెర్న్‌లు గూళ్ళు వదిలి వెళ్ళిపోయాయి. ఇసుక మీద 1,500కు పైగా గుడ్లు అనాథలుగా మిగిలాయి. ఆ ఏడు అక్కడ వాటి సంతానం పోయినట్టే.

"ఒక్కటి కూడా ఎగరలేదు" అన్నారు. గూటి మీద కూర్చున్న పక్షి ఎగరకపోవడం ధైర్యం కాదు, గుడ్డు వదల్లేక. పైకి కదలకుండా కూర్చున్న పక్షికి కూడా మనిషి దగ్గరికి వస్తే గుండె వేగం పెరుగుతుందని పెంగ్విన్ల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. మీ వీడియోలో అది కనిపించదు.

#11 · ఉప్పుగాలి · ఆదివారం, ఉదయం 5:50

కొండచరియ గూళ్ళ గురించి మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. గిలెమాట్ అనే పక్షి గూడు కట్టదు. ఒకే ఒక్క గుడ్డు, అదీ కొండ అంచున ఉత్త రాయి మీద పెడుతుంది. ఒకేసారి వందల పక్షులు బెదిరి లేచాయంటే ఆ తొక్కిడిలో గుడ్లు దొర్లి సముద్రంలో పడతాయి. మిగిలినవాటి కోసం పెద్ద సీగల్స్ అక్కడే కాచుకుని ఉంటాయి. తల్లిదండ్రులు రెండు నిమిషాలు పక్కకు పోతే చాలు.

ఆ గుడ్డు నిలిచి పిల్ల అయితే ఏం జరుగుతుందో తెలుసా? మూడు వారాల వయసులో, ఇంకా సరిగ్గా ఎగరడం రాకుండానే, సాయంత్రం వెలుగు తగ్గాక ఆ పిల్ల కొండ మీదినుంచి సముద్రంలోకి దూకుతుంది. కింద తండ్రి పిలుస్తూ ఉంటాడు. తర్వాత వారాల తరబడి దాన్ని నీటి మీద వెంటబెట్టుకుని పెంచేది ఆ తండ్రే. ఇది ఒక్కసారి చూసినవాడు ఇంక ఏ గూటి దగ్గరా తొందరపడడు.

ఈ పక్షులకు దగ్గరి చుట్టం గ్రేట్ ఆక్. ఎగరలేని పక్షి. చివరి జంటగా తెలిసినవాటిని 1844 జూన్‌లో ఐస్‌లాండ్ దగ్గరి ఎల్డే అనే రాతి దీవి మీద చంపేశారు. రాతి తీరాల్లో తిరిగేవాళ్ళం ఆ తేదీ గుర్తుపెట్టుకోవాలి.

#12 · దూరపు తీరం · ఆదివారం, ఉదయం 11:15

బోల్సా చికా సంగతి నాకు తెలియదు. చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. గూళ్ళ కాలంలో డ్రోన్ ఆపేస్తున్నాను. ఖాళీ తీరం, రాళ్ళు, అలలు తీయడానికి మాత్రం వాడతాను, అందులో తప్పు లేదనే నా అభిప్రాయం. నీటికాకి, మీ మాట కటువుగా ఉన్నా చెప్పినందుకు సంతోషం.

#13 · వేదిక నిర్వాహకులు · ఆదివారం, మధ్యాహ్నం 12:00

పైన ఒక సందేశంలో గూళ్ళున్న చోటుకు దారి వివరాలు ఉంటే తీసేశాం. గూళ్ళు, విశ్రాంతి గుంపులు ఉండే చోట్లు ఇక్కడ రాయవద్దని మనవి. ఫొటోల్లో దాగి ఉండే లొకేషన్ సమాచారం కూడా తీసేసి పెట్టండి.

#14 · అలల అంచు · మరుసటి మంగళవారం, రాత్రి 10:20

కొన్ని రోజుల తర్వాత రాస్తున్నాను. ఆటుపోట్ల పట్టిక చూసుకుని రెండుసార్లు వెళ్ళాను. నీరు ఎక్కడం మొదలవకముందే, గట్టుకు దగ్గరగా పొడి రాయి చూసుకుని దాని పక్కన కూర్చున్నాను. వెనక్కి వెళ్ళే దారి ముందే చూసుకున్నాను, నల్లరాయి గారు చెప్పినట్టు అలారం పెట్టుకున్నాను.

మొదటి ఇరవై నిమిషాలు ఏమీ లేదు. తర్వాత టర్న్‌స్టోన్లు ఒక్కో రాయి మీదుగా పైకి రావడం మొదలైంది. చివరికి ఒకటి నా బూటుకు ఆరడుగుల దూరంలో నాచు తిరగేస్తూ కూర్చుంది. లెన్సుకు అంత దగ్గర ఫోకస్ అయ్యేంత చోటు చాల్లేదు. రెండు పూటలా కలిపి తీసినవి 210, దాచుకున్నవి 34. ఒక్కటి కూడా నా వల్ల ఎగరలేదు. ఇది రాస్తుంటే ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను.

రెండు ప్రశ్నలు. ఒక సీగల్ ముక్కు చివర నీటి చుక్క వేలాడుతూ ఉంది. మాటిమాటికీ తల విదిలిస్తోంది. జబ్బు చేసిందా? రెండోది, లెన్సు ముందు గాజు మీద తెల్లటి పొరలా ఏదో పేరుకుంది, తుడిస్తే గీతలు పడుతుందేమోనని భయంగా ఉంది.

#15 · నీటికాకి · మంగళవారం, రాత్రి 10:55

జబ్బు కాదు, అది ఆరోగ్యం! సముద్రపక్షులు ఉప్పునీరే తాగుతాయి. కళ్ళ పైన ఉండే గ్రంథులు రక్తంలోని అదనపు ఉప్పును వడకట్టి, సముద్రపు నీటికన్నా ఉప్పగా ఉండే ద్రవంగా ముక్కు రంధ్రాల గుండా బయటికి పంపుతాయి. ముక్కు చివర వేలాడిన ఆ చుక్క అదే. దాన్ని వదిలించుకోవడానికే తల విదిలింపు. 1950ల చివర్లో క్నట్ ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రవేత్త ఈ గ్రంథుల పని బయటపెట్టారు. అంతవరకూ ఇవి ఉప్పునీటితో ఎలా బతుకుతున్నాయన్నది పెద్ద చిక్కుముడి. ఎదురు వెలుగులో ఆ చుక్క మెరుస్తుండగా ఫొటో వస్తే తప్పకుండా ఇక్కడ పెట్టండి.

#16 · రాతిపిట్ట · మంగళవారం, రాత్రి 11:10

పొడి గుడ్డతో తుడవకండి. అది ఉప్పు, గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదేయండి. తర్వాత మెత్తని గుడ్డను మంచినీటితో తడిపి గట్టిగా పిండి, అద్దినట్టు ఉప్పును కరిగించి తీయండి. ఆ తర్వాతే పొడి గుడ్డ. కెమెరా బాడీ, లెన్సు రింగులు కూడా అలాగే. ట్రైపాడ్ కాళ్ళు ఉప్పునీటిలో దిగితే ఆ రాత్రే కాళ్ళన్నీ లాగి మంచినీటితో కడిగి ఆరబెట్టండి, లేకపోతే నెల తిరిగేసరికి బిగుసుకుపోతాయి. తీరంలో లెన్సు మార్చకండి.

నీళ్ళ తుంపర ఉన్నచోట ముందు గాజుకు ఫిల్టర్ పెట్టుకోవడం మంచిది. మామూలుగా నేను ఫిల్టర్లకు వ్యతిరేకిని, ఈ ఒక్కచోట మాత్రం పెట్టుకుంటాను.

ఇప్పుడు మీరు ఎగిరే పక్షికి సిద్ధమయ్యారు. షట్టర్ వేగం 1/2500 సెకను, టెర్న్ లాంటి చురుకైన వాటికి 1/3200. పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగానే దిగుతాయి. గాలి మీ వీపు వెనక నుంచి వీస్తుంటే అవి మీవైపు ముఖం పెట్టి దిగుతాయి. ఎగరబోయే పక్షి చాలాసార్లు ముందు రెట్ట వేస్తుంది, లేదా ఒంగి కాళ్ళు బిగిస్తుంది. అది చూడగానే వేలు సిద్ధం చేసుకోండి.

#17 · చిన్న లెన్సు · బుధవారం, ఉదయం 6:40

1/2500 ఒక్కటే దారి కాదు. మబ్బు రోజున 1/60కి దించి, పక్షితో పాటు కెమెరాను కదుపుతూ తీసి చూడండి. యాభైలో ఒకటి వస్తుంది. ఆ ఒక్కదానిలో కన్ను నిలకడగా, రెక్కలు, సముద్రం గీతలుగా వస్తాయి. అన్నీ గడ్డకట్టినట్టు ఉండే ఫొటోల కన్నా ఎగరడం అంటే అదే.

ఇంకో మాట. సైలెంట్ షట్టర్ మంచిదే, శబ్దం ఉండదు. కానీ కొన్ని కెమెరాల్లో సెన్సర్ పైనుంచి కిందికి మెల్లగా చదవడం వల్ల వేగంగా కొట్టే రెక్కలు వంకర వస్తాయి. మీ కెమెరాలో ఎలా ఉందో ముందు పరీక్షించుకోండి.

#18 · రాతిపిట్ట · బుధవారం, ఉదయం 7:30

కొత్తవారికి 1/60 చెబితే నిరాశ పడతారని నా భయం. ముందు స్పష్టంగా తీయడం చేతికి రానివ్వండి. మీ ఫొటోలు నాకు ఇష్టమే, అది వేరే మాట.

#19 · గాలివాటం · బుధవారం, రాత్రి 9:00

ఇంతవరకూ అందరూ రాళ్ళ మీదే ఉన్నారు. ఒక్కసారి తలెత్తి దూరంగా చూడండి.

సముద్రం మీదినుంచి ఒడ్డుకు గట్టిగా గాలి వీచిన రోజు, ముఖ్యంగా పెద్ద గాలివాన తగ్గిన మర్నాడు, నడిసముద్రంలో తిరిగే పక్షులు తీరానికి కనిపించేంత దగ్గరికి వస్తాయి. షియర్‌వాటర్లు రెక్క కొట్టకుండా అల వాలులో కిందికి జారి, గాలిని పట్టుకుని పైకి లేచి, మళ్ళీ జారిపోతాయి. ఆ రోజు కెమెరా కన్నా 8x42 బైనాక్యులర్స్, స్టాండ్ మీద ఒక స్కోప్ ఉంటే చాలు. ఎత్తైన రాయి వెనక గాలి తగలకుండా కూర్చుని, దూరంగా ఒక గుర్తు పెట్టుకుని, దాన్ని దాటే ప్రతి పక్షినీ లెక్కపెట్టండి. ఎటు పోతున్నాయో కూడా రాయండి. పేరు తెలియకపోతే "పెద్దది, ముదురు రంగు, దక్షిణానికి" అని రాసినా విలువే. నేనైతే ఇంటికొచ్చాక అవన్నీ ఈబర్డ్‌లో, అంటే చూసిన పక్షులను నమోదు చేసే వెబ్‌సైట్‌లో, ఎక్కిస్తాను.

పగటి తీరం చూసి ఇక్కడ ఉన్నవి ఇవే అనుకోకూడదు. వేల్స్ దగ్గరి స్కోమర్ దీవిలో మాంక్స్ షియర్‌వాటర్లు లక్షల జంటలు గూడు పెడతాయి. పగలు నేల మీద వాటిలో ప్రాణమున్నది ఒక్కటీ కనిపించదు. సీగల్స్ చంపేస్తాయని చీకటి పడ్డాకే, అదీ వెన్నెల లేని రాత్రుల్లో ఎక్కువగా, బొరియల్లోకి చేరతాయి.

గానెట్ అనే పెద్ద తెల్ల సముద్రపక్షి కనిపించే తీరమైతే ఇంక చెప్పనక్కర్లేదు. 30 మీటర్ల ఎత్తునుంచి రెక్కలు వెనక్కి మడిచి బాణంలా నీళ్ళలోకి దూకుతుంది. దెబ్బ తగలకుండా ముఖం, ఛాతీ చర్మం కింద గాలి సంచులుంటాయి. ముక్కు రంధ్రాలు బయటికి తెరుచుకోవు. స్కాట్లాండ్‌లోని బాస్ రాక్ మీద 2014 లెక్కలో 75,000 జంటలకు పైగా ఉండేవి. దూరం నుంచి ఆ రాయి సున్నపు కొండలా కనిపిస్తుంది. 2022లో బర్డ్ ఫ్లూ వచ్చి వాటిని బాగా తగ్గించేసింది. అందుకే తీరంలో చనిపోయిన పక్షులు కనిపిస్తే చేత్తో ముట్టకండి, సంబంధిత అధికారులకు చెప్పండి.

#20 · అలల అంచు · ఆదివారం, మధ్యాహ్నం 12:35

ఈరోజు పొద్దున ఒక టర్న్‌స్టోన్ కాలికి చిన్న జెండా లాంటి ప్లాస్టిక్ ముక్క కనిపించింది! ఇంకో కాలికి లోహపు రింగు. జెండా మీద మూడు అక్షరాలున్నాయి, రెండే చదవగలిగాను. మూడోది నాచు అడ్డం వచ్చింది. ఇంకా దగ్గరికి వెళ్ళాలనిపించింది కానీ అది తలెత్తగానే ఆగిపోయాను. అల వచ్చి గుంపంతా అవతలికి పోయింది. ఇప్పుడేం చేయాలి?

#21 · నీటికాకి · ఆదివారం, మధ్యాహ్నం 1:05

ఆగిపోయి మంచి పని చేశారు! అది పరిశోధకులు తగిలించినది. జెండా రంగు, జెండా ఏ కాలికి ఉంది, మోకాలిలా కనిపించే మడత పైనా కిందా, లోహపు రింగు ఎక్కడ, ఇవన్నీ రాసి పెట్టండి. కుడి ఎడమలు పక్షి వైపు నుంచి చూడాలి, మన వైపు నుంచి కాదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రెండు అక్షరాలు, రంగులు ఉన్నా మీ దేశంలో రింగుల నమోదు చూసే సంస్థకు పంపవచ్చు. టర్న్‌స్టోన్లు చలికాలమంతా ఒకే రాళ్ళను అంటిపెట్టుకుని ఉంటాయి, మళ్ళీ దొరికే అవకాశం ఎక్కువ.

ఇలాంటి చిన్న రింగు వల్లే విజ్‌డమ్ అని పేరు పెట్టిన లేసన్ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి మనకు తెలిసింది. 1956లో మిడ్‌వే దీవుల్లో రింగు వేశారు. 2024లో కూడా గుడ్డు పెట్టింది. రింగు వేసేనాటికే గూడు పెట్టే వయసు, అంటే ఇప్పుడు 70 ఏళ్ళు దాటిన పక్షి. రింగు లేకపోతే మిగతా వేల ఆల్బట్రాస్‌లలో అదీ ఒకటి.

#22 · అలల అంచు · గురువారం, ఉదయం 9:50

దొరికింది. అదే రాయి మీద, నీరు సగం ఎక్కాక. నేను కూర్చున్న చోటునుంచి కదల్లేదు. అదే నడుచుకుంటూ వచ్చి పక్కకు తిరిగి నిలబడింది. మూడు అక్షరాలూ స్పష్టంగా వచ్చాయి, లోహపు రింగు మీది అంకెలు కూడా నాలుగు కోణాల నుంచి తీశాను. ఇప్పుడే పంపించాను. జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.

#23 · ఉప్పుగాలి · గురువారం, ఉదయం 10:15

చాలా సంతోషం తల్లీ. గుంపులో ఎన్ని ఉన్నాయి, ఏం తింటున్నాయి, గాలి ఎటునుంచి, అవి కూడా రాసుకున్నావా?

#24 · అలల అంచు · గురువారం, ఉదయం 10:22

రాసుకున్నానండీ, నోట్‌బుక్ కొన్నాను. పదకొండు. నాచు కింద చిన్న పీతలు. గాలి తూర్పు నుంచి, మెల్లగా. జెండా ఉన్నది మిగతావాటి కన్నా ఎప్పుడూ ఒక రాయి కిందనే, నీటి అంచున ఉంటోంది.